బుల్లెట్ 4 స్పీడ్ గేర్‌బాక్స్: సీల్ మార్చినా స్ప్రాకెట్ దగ్గర ఆయిల్ ఆగట్లేదు

గోదారి_350 (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. బండి 1987 బుల్లెట్ 350, కాస్ట్ ఐరన్ ఇంజన్, కుడివైపు గేరు, పాత ఆల్బియన్ 4 స్పీడ్ గేర్ డబ్బా. నాన్నగారిది. ఇంజన్ పని ఈమధ్యే చేయించాం, దాంతో ఏ పేచీ లేదు. గొడవంతా గేర్‌బాక్స్‌తోనే.

ఎడమవైపు చైన్ స్ప్రాకెట్ దగ్గర్నుంచి ఆయిల్ కారుతోంది. రాత్రి స్టాండు వేస్తే పొద్దున్నకి కింద అరచెయ్యంత మరక. నడిపితే చైన్ మీద పడి వెనక రిమ్ముకీ టైరు అంచుకీ చిమ్ముతోంది. మెకానిక్ సీల్ మార్చాడు. కొన్నాళ్లు ఆగినట్టే ఆగి మళ్లీ మొదలు. మళ్లీ మార్చాడు, మళ్లీ అదే కథ. అడిగితే "పాత బుల్లెట్ కదండీ, కారట్లేదంటే లోపల ఆయిల్ లేదని అర్థం" అని నవ్వేస్తున్నాడు.

ఇంకో సంగతి. ఒకటి, రెండు, మూడు గేర్లలో గుర్రుమని ఓ శబ్దం వస్తుంది. నాలుగులో పడగానే మాయం. న్యూట్రల్‌లో పెట్టి ఐడిల్‌లో వదిలితే సన్నగా గరగర, క్లచ్ నొక్కితే ఆగిపోతుంది. దీనికీ లీకుకీ సంబంధం ఉందంటారా? డబ్బా విప్పించాలా, ఇలాగే నెట్టుకొచ్చెయ్యొచ్చా? లోపల ఇప్పుడున్నది ఈపీ 90 గేర్ ఆయిల్.

కాస్టైరన్_కరీంనగర్

అన్నా, అండ్ల ఈపీ 90 ఎవరు పొయ్యమన్నరు? అది గ్రీజు డబ్బా. మా కాక బండ్లకు మొదటి సంది గ్రీజే. ఉన్న ఆయిలంత తీసెయ్, గ్రీజు దట్టియ్. కారుడు బందైతది, సప్పుడు సుత తగ్గుతది. ఊకె విప్పుకుంట పోతే పైసలు పోవుడే తప్ప ఏం లేదు.

లేత్_బాబాయి (విజయవాడ ఆటోనగర్)

గోదారి అబ్బాయ్, గ్రీజు సంగతి తర్వాత. ముందు కారేది ఏ ఆయిలో తేల్చుకో. అక్కడికి మూడు చోట్ల నుంచి ఆయిల్ రావచ్చు: ఇంజన్, క్లచ్ కేసు, గేర్‌బాక్స్. మూడూ కిందకి దిగి ఒకేచోట బొట్టు కడతాయి. ఆ బొట్టు చూసి "గేర్‌బాక్స్ సీలే" అని తీర్మానించేస్తారు.

కిరోసిన్‌తో ఆ భాగమంతా కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, పౌడరు చల్లు. ఓ నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపి టార్చి వేసి చూడు. పౌడరు ఎక్కడ ముందు తడిసిందో అక్కడే పుట్టుక. తర్వాత బొట్టు వేలికి రాసుకుని వాసన చూడు. గేర్ ఆయిల్‌లో గంధకం మందు ఉంటుంది కాబట్టి ఘాటు కంపు కొడుతుంది. ఇంజన్ ఆయిల్‌కి ఆ కంపు ఉండదు.

నీ శబ్దం లెక్క మాత్రం నాకు ఇక్కడినుంచే వినపడుతోంది. ఈ డబ్బాలో మెయిన్ షాఫ్ట్ ఒక స్లీవ్ గేరు లోపల్నుంచి బయటికి వస్తుంది. స్లీవ్ గేరు మీద చైన్ స్ప్రాకెట్, మెయిన్ షాఫ్ట్ కొసన క్లచ్. షాఫ్ట్‌కీ స్లీవ్‌కీ మధ్య కంచు బుష్‌లు, అంటే కంచు గొట్టాలు. మొదటి మూడు గేర్లలో షాఫ్ట్ ఒక వేగం, స్లీవ్ ఒక వేగం, అంటే బుష్ రాపిడిలో ఉంటుంది. నాలుగులో డాగ్‌లు (గేర్లని కలిపి పట్టే పళ్లు) పడి షాఫ్టూ స్లీవూ ఒక్కటై తిరుగుతాయి, బుష్‌కి పనే లేదు. అందుకే నాలుగులో శబ్దం మాయం. న్యూట్రల్‌లో బండి నిలబడి ఉంటే స్ప్రాకెట్ ఆగి ఉంటుంది, దాని లోపల షాఫ్ట్ ఒక్కటే తిరుగుతుంది. క్లచ్ నొక్కితే షాఫ్టూ ఆగుతుంది, గరగరా ఆగుతుంది. నువ్వు రాసిన మూడు లక్షణాలూ ఒకే తలుపు తడుతున్నాయి.

ఇప్పుడు సీల్ మాట. మీ మెకానిక్ మార్చిన సీల్ స్లీవ్ గేరు బయటి ఒంటికి పట్టి ఉంటుంది. స్లీవ్ లోపల, షాఫ్ట్ వెంట వచ్చే ఆయిల్‌ని అది ఎలా ఆపుతుంది? ఆ దారికి సీల్ లేదు, బుష్ బిగువే దానికి అడ్డు. బుష్ అరిగితే ఆయిల్ స్లీవ్ కొసదాకా వచ్చి నట్టు దగ్గర బయటపడి స్ప్రాకెట్ మీద నుంచి చిమ్ముతుంది. పైగా షాఫ్ట్ ఊగితే స్లీవ్ కూడా తిన్నగా తిరగదు. కొత్త సీల్ పెదవి ఒకవైపు అరిగి నెలల్లో పోతుంది. ఆ బుష్ అలా ఉన్నంతకాలం ఎన్ని సీల్స్ వేసినా నీ డబ్బులు సీళ్ల కొట్టువాడికే.

వానాకాలం_రైడర్ (విశాఖ)

బాబాయ్ చెప్పినట్టు వాసన చూస్తే మా బండిలో కారేది క్లచ్ కేసు ఆయిల్ అని తేలింది. ప్రైమరీ కవర్ (క్లచ్ కేసు మూత) మధ్య నట్టు అతిగా బిగించి రబ్బరు సీల్ చితికిపోయింది, అంతే. అందుకని విప్పకముందు ఆ పరీక్ష చెయ్యండి, ఖర్చు లేని పని.

గోదారి_350

చేశానండీ. పౌడరు స్ప్రాకెట్ మధ్య నుంచి చుట్టూ కిరణాల్లా తడిసింది, పైనుంచి ధార ఏమీ లేదు. వాసన ఘాటుగానే ఉంది, గేర్ ఆయిలే.

బాబాయ్ గారూ, షాఫ్ట్ ఊగుతోందో లేదో డబ్బా విప్పకుండా చూడ్డం కుదురుతుందా?

లేత్_బాబాయి

కుదురుతుంది. ప్రైమరీ కవర్ తీసి క్లచ్ కూడా దింపు. క్లచ్ ఉంచి ఊపితే క్లచ్ డ్రమ్ములో ఉన్న ఆటే చేతికి తగిలి మోసపోతావు. ఉట్టి షాఫ్ట్ కొస పట్టుకుని పైకీ కిందకీ కదుపు. షాఫ్ట్ ఒక్కటే స్లీవ్‌లో లొడలొడలాడితే బుష్. షాఫ్టూ స్లీవూ స్ప్రాకెట్టూ కలిసి ఊగితే షెల్‌లో, అంటే డబ్బా బయటి ఒంట్లో, ఉన్న పెద్ద బేరింగ్. రెండూ పోయి ఉండొచ్చు కూడా. చేతికి స్పష్టంగా తెలుస్తుంటే ఇక అనుమానం అక్కర్లేదు, విప్పెయ్.

4స్పీడ్_సికింద్రాబాద్

గ్రీజు మీద ఒక మాట, ఎందుకంటే కరీంనగర్ బ్రదర్ చెప్పింది పూర్తి తప్పు కాదు. ఈ డబ్బా ఇంగ్లండ్‌లో ఆల్బియన్ కంపెనీ వాళ్ల డిజైన్, సీల్స్ ఇప్పటంత బాగా లేని కాలంనాటిది. అందుకే అప్పట్లో గ్రీజు, లేదా గ్రీజులో ఆయిల్ కలిపి జారుగా చేసి వాడేవాళ్లు. కానీ ఇక్కడ మనవాళ్లు వీల్ బేరింగ్‌లకి పెట్టే గట్టి గ్రీజు దట్టిస్తున్నారు. గేర్లు తిరిగినచోట గ్రీజు పక్కకి తప్పుకుని గాడి పడిపోతుంది, మళ్లీ వెనక్కి రాదు. బుష్ నోటిదాకా అసలు చేరదు. లీకు ఆగుతుంది నిజమే, బుష్ ఎండిపోయి చస్తుంది. లీకు ఆపడానికి బుష్‌ని బలిపెట్టినట్టు.

జారుగా, పెరుగులా కదిలే గ్రీజు దొరుకుతుంది, 00 గ్రేడ్ అంటారు. డబ్బా అరిగిపోయి ఇప్పుడే విప్పే ఓపిక లేకపోతే అది కొంత నయం. బుష్‌లు కొత్తవి వేశాక మాత్రం ఈపీ 90 చాలు. ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీద గ్రేడు జీఎల్-4 అని ఉందో జీఎల్-5 అని ఉందో చూడండి. జీఎల్-5లో గంధకం, భాస్వరం మందు ఎక్కువ, వేడెక్కితే కంచునీ ఇత్తడినీ నల్లబరిచి తినే గుణం దానికుంది. మన గేర్ డబ్బా అంత కాగదు, గొడవ లేదనేవాళ్లూ ఉన్నారు. జీఎల్-4 దొరుకుతుండగా ఆ వాదన నాకెందుకు?

కాస్టైరన్_కరీంనగర్

గాడి పడుడు నిజమే అన్నా. మొన్న ఒకటి విప్పినం. గేర్ల సుట్టు ఖాళీ, మూలలకు గ్రీజు ముద్దలు. సరే, గట్టి గ్రీజు మాట ఎనుకకు తీసుకుంటున్న. పల్సటి గ్రీజు మాట మాత్రం అట్లనే ఉంటది.

నైట్‌రైడ్_వరంగల్

ఇంత తిప్పలు ఎందుకు, 5 స్పీడ్ డబ్బా పెట్టేస్తే పోలా?

గోదారి_350

నాన్నగారి బండి కదండీ, కుడివైపు గేరే ఉండాలి. న్యూట్రల్ ఫైండర్ (నేరుగా న్యూట్రల్‌కి తెచ్చే మీట) మడమతో నొక్కే సుఖం 5 స్పీడ్‌లో ఏది?

లేత్_బాబాయి

విప్పే క్రమం రాస్తున్నా, మీ మెకానిక్‌కి చూపించు. ఇంజన్ నుంచి షెల్ దింపక్కర్లేదు. లోపలి సామానంతా కుడివైపు నుంచి బయటికొస్తుంది.

ఎడమవైపు ఫుట్‌రెస్ట్, ప్రైమరీ కవర్ మధ్య నట్టు, ప్రైమరీ చైన్, క్లచ్. క్లచ్ హబ్బుకి పుల్లర్ వాడమను, సుత్తి పెడితే షాఫ్ట్ కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, తర్వాత స్లీవ్‌లోంచి రానే రాదు. లోపలి కేసు తీస్తే స్ప్రాకెట్ నట్టు కనపడుతుంది. లాకు వాషర్ మడత విప్పి, మర ఏ వైపు తిరిగి ఉందో కంటితో చూసుకున్నాకే రెంచికి పైపు తగిలించాలి. అది చూడకుండా లాగి మర కొట్టేసిన స్లీవ్‌లు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. వెనక బ్రేకు తొక్కి పట్టించి, చైన్ ఉండగానే ఆ నట్టు లూజు చెయ్యి. చైన్ తీసేశాక స్ప్రాకెట్‌ని పట్టుకోవడం నరకం.

కుడివైపు కిక్ రాడ్, గేర్ రాడ్, అవుటర్ కవర్, ఇన్నర్ కవర్. కిక్ స్ప్రింగు ముఖం దగ్గర పెట్టుకోకు. సన్న వాషర్లు ఏ షాఫ్ట్ మీద ఏ వరుసలో ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసి, తీసినవి తీసినట్టు తీగకి గుచ్చు. అవి తారుమారైతే కొత్త బుష్‌లున్నా గేర్లు పడవు.

ఆయిల్‌ని తెల్లటి పళ్లెంలోకి దింపమను.

గోదారి_350

విప్పాం. పళ్లెంలో అడుగున బంగారు పొడి! ఎండలో పళ్లెం వంచితే తళతళలాడుతూ జారింది. ఇనుప రజను పెద్దగా లేదు, గేర్ పళ్లన్నీ బాగానే ఉన్నాయి. ఒక్క రెండో గేరు డాగ్ అంచులు గుండ్రబడ్డాయి.

స్లీవ్ చేత్తో పట్టుకుని చూస్తే బయటివైపు బుష్ నోరు సన్నాయిలా విచ్చుకుంది. షాఫ్ట్ దూర్చి ఊపితే లోపల టకటక. టర్నర్ దగ్గర మైక్రోమీటరుతో కొలిపించాను: షాఫ్ట్ అరుగుదల 0.02 మి.మీ. లోపలే. బుష్‌కీ షాఫ్ట్‌కీ మధ్య సందు మాత్రం నోటి దగ్గర 0.3 దాటింది. స్లీవ్ బయటి ఒంటి మీద సీల్ తిరిగినచోట సన్నటి గీత, గోరు పెడితే ఆగుతోంది.

లే షాఫ్ట్ (మెయిన్ షాఫ్ట్‌కి తోడుగా తిరిగే రెండో షాఫ్ట్) ఎడమవైపు బుష్ కూడా కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. పెద్ద బేరింగ్ తిప్పితే గరుకు.

ఇప్పుడు షాపులో రెడీమేడ్ బుష్‌లున్నాయి, చౌక. అవి కొట్టించెయ్యనా, మీరు తిరిగించి ఇస్తారా?

లేత్_బాబాయి

రెడీమేడ్ బుష్ తప్పేమీ కాదు, లోహం మంచిదైతే. కొట్టి దించేసి అలాగే షాఫ్ట్ దూర్చడమే తప్పు. బుష్‌ని బిగుతుగా నొక్కితే లోపలి రంధ్రం ముడుచుకుంటుంది, బయట ఎంత బిగుతిచ్చామో దాదాపు అంత. అందుకని నొక్కాకే షాఫ్ట్ కొలతకి రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకి చెక్కే పనిముట్టు) వెయ్యాలి. సందు రెండు థౌ, అంటే 0.05 మి.మీ. చుట్టుపక్కల. ఒక థౌ పెడితే వేడెక్కి పట్టేస్తుంది, నాలుగు పెడితే కొత్తలోనే లీకు.

స్లీవ్‌లో బుష్‌లు రెండూ ఒకే గీతలో ఉండాలి. ఒక్కోటీ విడిగా రీమ్ చేస్తే వంకర వస్తుంది. పొడుగు రీమర్‌తో ఒకే ఊపులో రెండూ సాగాలి. లేదంటే స్లీవ్‌ని నాలుగు దవడల చక్‌లో పట్టి, దాని బేరింగ్ తిరిగే ఒంటికి డయల్ గేజ్ పెట్టి తిన్నగా తిరిగేలా సర్దుకుని బోర్ కొట్టాలి. నేను రెండోదే చేస్తాను. టైము పడుతుంది. కానీ బుష్ నడిమధ్యన ఉందని నాకు తెలుస్తుంది, రీమర్ పాత రంధ్రం ఎటు లాగితే అటు పోతుంది.

ఆయిల్ గాడి గురించి కూడా చెప్పాలి. కొంతమంది టర్నర్లు బుష్‌లో ఈ కొస నుంచి ఆ కొసకి మెలిక గాడి కొడతారు, ఆయిల్ బాగా తిరగాలని. అది పంపులా పనిచేసి ఆయిల్‌ని బయటికి తోడుతుంది. గాడి లోపలివైపు మొదలై, బయటి కొసకి కొంచెం ఇవతలే ఆగిపోవాలి. నీ లీకు సగం అక్కడే ఆగుతుంది.

లోహం: నేను ఫాస్ఫర్ బ్రాంజ్ వాడతాను. గన్‌మెటల్ అయినా ఫర్వాలేదు. పొడి నొక్కి చేసిన ఆయిల్ పీల్చే బుష్‌లు వస్తున్నాయి, వాటికి రీమర్ వేస్తే రంధ్రాలు మూసుకుపోయి వాటి సుగుణం అక్కడితో సరి. పాత షాఫ్ట్ కొలత కొత్తదానిలా ఉండదు కాబట్టి ఎలాగూ రీమ్ చెయ్యక తప్పదు, అందుకే అవి నాకు పనికిరావు.

రెడిచ్_పాతబండి (కోవెంట్రీ, యూకే)

నమస్కారమండీ. నా దగ్గర రెడిచ్‌లో తయారైన ఎన్‌ఫీల్డ్ ఉంది, డబ్బా ఇదే ఆల్బియన్ కుటుంబం. ఇక్కడి పాత మెకానిక్‌లు చెప్పేదీ లేత్ బాబాయి గారి మాటే. రెండు విషయాలు చేరుస్తాను.

స్లీవ్ మీద సీల్ గీత పడింది అన్నారు కదా. కొత్త సీల్ మళ్లీ అదే గీతలో కూర్చుంటే మళ్లీ కారుతుంది. చోటుంటే సీల్‌ని షెల్‌లో ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపి, కొత్త నున్నటి చోట తిరిగేలా పెట్టండి. అది కుదరకపోతే షాఫ్ట్ మీద తొడిగే పల్చటి స్టీల్ తొడుగులు దొరుకుతాయి, ఆ గీత మీద ఎక్కిస్తే సరి. సీల్ దూర్చేటప్పుడు స్లీవ్ మర మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి దాని మీదుగా జార్చండి. మర అంచు సీల్ పెదవిని కోసిందంటే పాపం కొత్త సీలూ మొదటి రోజే పోతుంది. స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపే.

షెల్‌లో బేరింగ్, లే షాఫ్ట్ బుష్ తీయడానికి సుత్తి వద్దు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. 50 మి.మీ. రంధ్రం 80 డిగ్రీలు అదనంగా వేడెక్కితే 0.09 మి.మీ. పెరుగుతుంది. బేరింగ్ చాలావరకు తనంతట తనే వదులుతుంది. కొత్తదాన్ని రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి వేడి షెల్‌లో పెడితే చేత్తో దిగిపోతుంది. వేడి అంతటా సమంగా తగలాలి. ఒకేచోట గ్యాస్ మంట పెడితే షెల్ వంకరపోతుంది.

గోదారి_350

లే షాఫ్ట్‌కి బుష్ బదులు నీడిల్ బేరింగ్ (సూదుల్లాంటి సన్న రోలర్లున్నది) పెట్టొచ్చా? ఒకాయన అదే మంచిదంటున్నారు.

లేత్_బాబాయి

పెట్టొచ్చు, షాఫ్ట్ ఆ చోట గట్టిపరిచి గ్రైండ్ చేసి ఉంటే. నీడిల్స్ సన్నటి గీత మీద బరువు మోస్తాయి, షాఫ్ట్ మెత్తగా ఉంటే గాళ్లు పడిపోతాయి. అప్పుడు షాఫ్టే మార్చాలి. బుష్ పోతే బుష్ ఒక్కటే పోతుంది. ఫైలు మొన షాఫ్ట్ మీద ఓ పక్కన గీసి చూడు, జారిపోతే గట్టిది, పట్టుకుంటే మెత్తది. నా మట్టుకు నేను రోజూ తిరిగే బండికి బుష్‌నే ఇష్టపడతాను.

4స్పీడ్_సికింద్రాబాద్

బేరింగ్, సీల్ మా రాణీగంజ్‌లో దొరుకుతాయి. పేరు చెప్పి అడక్కండి, మీద చెక్కిన నంబరు రాసుకెళ్లి, పాత ముక్క కూడా చేతిలో పెట్టుకెళ్లండి. "బుల్లెట్‌ది" అంటే కొట్టువాడు తనకి తోచింది ఇస్తాడు.

బుష్ ఎందుకు అరిగిందో కూడా చూడండి. చైన్ బిగువు ఎలా ఉండేది? చాలామంది బండి స్టాండు మీద ఉండగా చైన్ టైటుగా పెడతారు. మనిషి కూర్చుని వెనక షాకులు కుంగితే ఇంకా బిగుస్తుంది, ఆ లాగుడంతా స్లీవ్ మీదే. మనిషి కూర్చున్నాక, చైన్ అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోట, ఓ అంగుళం ఆడాలి.

గోదారి_350

చైన్ తీగలా బిగించి ఉండేదండీ. అలా ఉంటేనే పికప్ బాగుంటుందని మా మెకానిక్ నమ్మకం.

విజయవాడ వెళ్లి బాబాయి గారి దగ్గరే పని చేయించుకొచ్చాను. స్లీవ్‌ని చక్‌లో పట్టి డయల్ గేజ్ ముల్లు కదలకుండా నిలబడేదాకా దవడలు సర్దుతూనే ఉన్నారు, టీ చల్లారిపోయింది. బుష్ బోర్ అయ్యాక షాఫ్ట్‌కి పల్చగా ఆయిల్ రాసి నిలువుగా వదిలితే ఆగి ఆగి, నెమ్మదిగా దిగింది. చేత్తో ఊపితే అణువంత శబ్దం లేదు. సీల్‌ని కొంచెం లోపలికి జరిపి పెట్టారు.

ఇన్నర్ కవర్ అంచులు అద్దం మీద ఎమెరీ పేపర్ పరిచి రుద్దితే రెండు మూలల్లో పల్లం బయటపడింది. ఎవరో ఎప్పుడో స్క్రూ డ్రైవర్ దూర్చి తెరిచిన గుర్తులు. నున్నగా అయ్యేదాకా రుద్ది కొత్త ప్యాకింగ్ వేశాం.

రెండు వారాలుగా తిప్పుతున్నాను. స్ప్రాకెట్ పొడిగా ఉంది, చైన్ మీద నేను వేసిన ఆయిల్ తప్ప ఇంకేం లేదు. మూడో గేరులో గుర్రు లేదు. ఒక్కటే మిగిలింది, కిక్ షాఫ్ట్ దగ్గర సన్నటి తడి.

లేత్_బాబాయి

ఆయిల్ ఎంత పోశావు? లెవల్ స్క్రూ తీసి, బండి నిటారుగా నిలబెట్టి, పొర్లేదాకా పోసి, ఆగాక మూసెయ్యాలి. అంతకంటే పోస్తే ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. క్లచ్ రాడ్ మెయిన్ షాఫ్ట్ లోపల్నుంచి వెళ్తుంది కదా, దాని వెంట క్లచ్‌లోకి కూడా పాకుతుంది. ప్రైమరీలో ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే అదే అనుకో.

లెవల్ సరిగ్గా ఉండి కూడా తడి వస్తుంటే, కిక్ షాఫ్ట్‌ని పట్టుకుని ఊపి చూడు. ఆడుతుంటే అవుటర్ కవర్ రంధ్రం అరిగింది, ఓ-రింగ్ మార్చి లాభం లేదు. కవర్ పట్టుకొస్తే బోర్ చేసి బుష్ వేస్తాను.

కాస్టైరన్_కరీంనగర్

బాబాయ్, మా బండి సుత నాలుగుల పడంగనే సప్పుడు బందైతున్నది. ఇన్నొద్దులు నాలుగో గేరు మంచిగున్నదని సంబురపడ్డ. షాఫ్ట్ సైజు ఫోన్ల చెప్తే బుష్ చేసి బస్సుల పంపుతవా?

లేత్_బాబాయి

ఫోన్లో చెప్పిన కొలతకి బుష్ చెయ్యను. షాఫ్టూ స్లీవూ రెండూ గుడ్డలో చుట్టి పంపు, షాఫ్ట్ మరకి పాత నట్టు తగిలించి పంపు. పార్సిల్‌లో మర దెబ్బతింటే మళ్లీ నామీద పడతావు.